చింపిన కాగితాల మీద కొత్త చూపు

అమెరికన్ చిత్రకారిణి లీ క్రాస్నర్ పేరు వచ్చినప్పుడల్లా చిత్రకారుడు జాక్సన్ పొలాక్ భార్య అని పరిచయం చేస్తుంటే నాకు మనసు చివుక్కుమంటుంది. ఆమె బొమ్మ ఒక్కటి దగ్గర నిలబడి చూసినా ఆ పరిచయం ఎంత చిన్నదో తెలిసిపోతుంది.

1945లో దంపతులిద్దరూ న్యూయార్క్ నగరం వదిలి, లాంగ్ ఐలాండ్ తూర్పు భాగంలో ఉన్న స్ప్రింగ్స్ అనే పల్లెకు చేరారు. ఇంటి వెనక అకబోనాక్ ఉప్పుటేరు, దాని చుట్టూ గడ్డి పెరిగిన చిత్తడి నేల. బొమ్మలు వేసుకోవడానికి పొలాక్‌కి కొట్టం దక్కింది, ఆమెకి మేడ మీద పడకగది. 1947లో పాత బండిచక్రాలను చట్రాలుగా పెట్టి, గాజుపెంకులు, తాళంచెవులు, నాణేలు, నగల ముక్కలు పొదిగి రెండు బల్లలు చేసింది. చేతికందినదాన్ని వదలని గుణం అప్పటికే ఉంది.

1951లో న్యూయార్క్‌లో బెట్టీ పార్సన్స్ గ్యాలరీలో ప్రదర్శన పెడితే ఒక్క బొమ్మా అమ్ముడుపోలేదు. తర్వాత గది గోడల నిండా నలుపు తెలుపు రేఖాచిత్రాలు అంటించుకుంది. ఒకరోజు చూస్తే ఏదీ నచ్చలేదు. అన్నీ పీకి, చింపి, నేల మీద పడేసి బయటికి వచ్చేసింది. కొన్ని వారాలు అటువైపు పోలేదు. మళ్లీ తలుపు తీసేసరికి నేలంతా పరుచుకున్న ఆ ముక్కలే ఆమెను ఆపేశాయి. వాటిని ఏరి, అమ్ముడుపోని పాత కాన్వాసుల మీదే అంటించి, వాటిపై రంగు వేయడం మొదలుపెట్టింది. పొలాక్ పక్కన పడేసిన బొమ్మల ముక్కలూ కొన్నింట్లో కలిశాయి.

1955లో స్టేబుల్ గ్యాలరీలో ఈ అతుకు బొమ్మలను చూపించింది. వాటిలో ‘మిల్క్‌వీడ్’ నాకు ప్రాణం. మిల్క్‌వీడ్ అక్కడి బీళ్లలో, బాటల పక్కన మొలిచే పాలమొక్క, మన జిల్లేడుకు చుట్టం. మనిషి కన్నా ఎత్తైన ఆ కాన్వాసులో కాడా ఆకూ అంటూ విడిగా ఏవీ కనబడవు. నిటారుగా లేచిన ముక్కలే మొక్క ఎదుగుదలను పట్టుకున్నాయి. రోజూ కంటబడే కలుపుమొక్కకూ, కాళ్ల కింద పడిన కాగితానికీ ఆమె ఒకే గౌరవం ఇచ్చింది.

1976లో ఇంకా వెనక్కి వెళ్లింది. హాన్స్ హాఫ్‌మన్ చిత్రకళా బడిలో చదువుకునేటప్పుడు వేసిన బొగ్గు బొమ్మలను తీసి, ఈసారి కత్తెరతో, అంచులు పదునుగా ఉండేలా కోసి కాన్వాసుకెక్కించింది. వాటికి వ్యాకరణంలోని క్రియారూపాల పేర్లు పెట్టింది. ముప్పై ఏళ్ల వయసు గీత, డెబ్బైకి దగ్గరపడ్డ చేతి కోత ఒకే బొమ్మలో పక్కపక్కన నిలిచాయి.

కోపంతో చింపడం ఎవరికైనా చేతనవుతుంది. చింపినదాన్ని ఊడ్చేయకుండా కొన్నాళ్లు అలా ఉంచి, మళ్లీ వచ్చి చూడగలగడంలోనే ఆమె గొప్పతనమంతా ఉంది. ఆ కొన్ని వారాల్లో కాగితాలేమీ మారలేదు, చూసే కన్ను మారింది. తన పని తనకే నచ్చక అటక మీదికి నెట్టేసిన ప్రతి చిత్రకారుడికీ ఈ సంగతి చెప్పాలనిపిస్తుంది: దాన్ని కాల్చొద్దు, కొన్నాళ్లు ఆగి మళ్లీ తలుపు తీసి చూడండి.