గురు శుక్రులపై విచారణ

మా యింట జరుగవలసిన యొక పెండ్లి శుక్రమౌఢ్యమను కారణమున రెండు మాసములు వెనుకకు బోయెను. పంచాంగము ముందు వేసికొని యట్లు నిర్ణయించిన పెద్దలలో మేమును నొకరము. పెండ్లి ముగిసిన కొన్నాళ్లకు సాయంకాలము డాబాపై గూర్చుండియుండగా, మా మనుమరాలు పడమట వెలుగుచున్న జ్యోతిని జూపి, “తాతయ్యా, అది విమానమా?” యని యడిగెను. విమానమే యంటిమి. అరగంట గడచినను నది యెక్కడికిని బోలేదు. పిల్ల నవ్వెను. మఱునాడు పొరుగింటి యుపాధ్యాయుడు అది శుక్రుడని చెప్పగా మాకు గలిగిన సిగ్గు ఇంతంత కాదు. గ్రహము సూర్యకాంతిలో మునిగి కంటికి గానరాకుండుటయే మౌఢ్యము. కానరానప్పుడు వానికి వెఱచితిమి. కానవచ్చినప్పుడు వాని నెఱుగమైతిమి!

ఈ పొరపాటు మా యొక్కరిదే యైనచో నవ్వి యూరకుండవచ్చును. కాని లడాఖులో పాంగాంగ్ సరస్సు ప్రాంతమున సరిహద్దు గాచుచున్న మన సైనికులు 2012 ఆగస్టు మొదలు 2013 ఫిబ్రవరి వఱకు ఆకసమున గుర్తు తెలియని దీపములను 329 మారులు చూచినట్లు వ్రాసికొనిరి. వానిలో 155 మారులు అవి మన సీమలోనికి జొచ్చివచ్చినవని యెంచిరి. ఒకటి సాయంకాలము 6 గంటలకు దోచి తెల్లవారుజామున 5 గంటల వఱకు నిలిచెడిది. రెండవది 4 గంటలకు బొడిచి పగలు 11 గంటల వఱకును గనబడెడిది. ఇవి చైనావారు పంపిన వేగు డ్రోనులని వారి యనుమానము.

అంతట సైన్యమువారు బెంగుళూరులోని భారతీయ ఖగోళభౌతిక శాస్త్ర సంస్థ పండితుల సాయము గోరిరి. దీపము ఏ వేళ, ఏ దిక్కున, ఎంత యెత్తున నున్నదో, నక్షత్రములతో బోల్చి చూడగా నెట్లు కదలుచున్నదో కొలిచి చూచుటయే విచారణ పద్ధతి. లెక్క తేలినది. మొదటిది గురుడు, రెండవది శుక్రుడు. సుమారు 14,000 అడుగుల యెత్తున గాలి పలుచన. అచట గ్రహములు మిక్కిలి తేజముతో వెలుగును. దానికి తోడు డ్రోనుల సంచారము పెరిగిన దినములగుటచే మనస్సు ముందే శంకించుచుండెను. మసక వెలుతురున త్రాడు పామైన విధ మిదియే.

చదువరులారా! ఆ సైనికులను బరిహసింపకుడు. చలిలో మేల్కొని వారు వేళలు వ్రాసిరి. సందేహము దీఱక మునుపు తుపాకి పేల్చక, తెలిసినవారి నడిగిరి. ఇరుదేశముల సేనలు ఎదురెదురుగా నిలిచినచోట ఆ యోర్పు ఎన్ని ప్రాణములను గాచినదో యెవరు చెప్పగలరు? మనమో, పొలముగట్టున వెలుగు గన్పించిన కొఱవిదయ్యమని తలుపులు మూసికొందుము. అది యేమో యని నాలుగడుగులు నడచి చూడము. గ్రహగతులను గంటితో గనిపెట్టి లెక్కలు గట్టిన పూర్వుల వంశమున బుట్టి, వారి లెక్కను విడిచి భయమును మాత్రము దాచుకొంటిమి.

ప్రతి పాఠశాలయందును నెలకొక రాత్రి పిల్లలను బయట నిలిపి, ఇది గురుడు, ఇది శుక్రుడు అని చూపుట కేమి వ్యయమగును? మా యింట నా పని యారంభమైనది. మనుమరాలు చూపుచున్నది, మేము నేర్చుకొనుచున్నాము.