నాలుగు జవాబులలో ఒక నిజము

చేవెళ్ల, మొయినాబాదు ప్రాంతమునందలి ప్రొద్దుటూరు హైదరాబాదు మహానగరమునకు చేరువనే యున్నను పల్లెయే. ఈ ప్రాంతపు రైతులు కూరగాయలను, పూలను పండించి నగరమునకు పంపుదురు. వారి బిడ్డలు పెద్ద చదువులకు పోవలెనన్న ప్రవేశ పరీక్ష యను గడపను దాటవలెను. పదవ తరగతి ముగించి తెలంగాణ గురుకుల జూనియర్ కళాశాలలలో చేరగోరువారు ఏ విభాగమును కోరినను ఇంగ్లీషు ప్రశ్నలను తప్పించుకొనజాలరు. ఇంటర్మీడియెట్ పిదప కేంద్రీయ విశ్వవిద్యాలయములలో చేరుటకు సీయూఈటీ యను ఉమ్మడి పరీక్ష 2022వ సంవత్సరమున ఆరంభమైనది. అందు తెలుగుతో కూడ 13 భాషలకు స్థానము కలదు.

ఇట్టి పరీక్షలలో ప్రశ్న క్రింద నాలుగు జవాబులుండును. సరియైనది ఒక్కటే. ఒక మార్కు తగ్గినచో సీటు వేఱొకరికి పోవచ్చును. డబ్బు పోసి సీటు కొనలేని కుటుంబమునకు ఆ మార్కు మిక్కిలి విలువైనది.

మొయినాబాదు మండలమునందలి చిలుకూరు బాలాజీ దేవాలయమునకు విద్యార్థులు పెక్కుమంది పోయి 11 ప్రదక్షిణములు చేయుదురు. కోరిక తీరినచో 108 చేయుదురు. భక్తి ధైర్యము నొసగును. కాని జవాబును ఎంచుకొనవలసినది బుద్ధి. కొందఱు విద్యార్థులు "తెలియనిచో మూడవదానిని గుర్తింపుము" అని ఒకరికొకరు చెప్పుకొందురు. ఇది యుక్తి కాదు, సోది.

నిజమైన యుక్తులు వేఱు. మొదటిది: జవాబులను చేతితో కప్పి, ప్రశ్నను మాత్రమే చదివి, తన జవాబును తాను ముందుగా తలచుకొనవలెను. పిమ్మట చేయి తీసి, అది నాలుగింటిలో నున్నదేమో చూడవలెను. తొందరపడి నాలుగింటిని ముందుగా చదివినవానికి తప్పుడు జవాబు సయితము ఒప్పువలె తోచును.

రెండవది: తప్పులను కొట్టివేయుట. "రామయ్య" యను పదమున నున్న సంధి యేది? సవర్ణదీర్ఘసంధి, గుణసంధి, యణాదేశసంధి, అత్వసంధి అని నాలుగు జవాబు లున్నవి. పదమును విడదీసినచో రామ, అయ్య యని యగును. రెండు అకారములు కలియుటచే సవర్ణదీర్ఘమని తోచవచ్చును. కాని అట్లయినచో "రామాయ్య" కావలెను గదా! దీర్ఘము లేదు కావున అది పోయినది. ఏకారము గాని ఓకారము గాని రాలేదు కావున గుణసంధి పోయినది. యకార వకార రేఫములు ఆదేశముగా రాలేదు కావున యణాదేశమును పోయినది. మిగిలినది అత్వసంధి.

మూడవది: జవాబులను ఒకదానితో నొకటి పోల్చుట. "వాన కురిసెను, ______ చెఱువు నిండలేదు." ఇందు కావున, అందువలన, కనుక, ఐనను అను నాలుగు పదములున్నవి. మొదటి మూడింటికి అర్థ మొక్కటియే. ఒకటి ఒప్పయినచో మూడును ఒప్పు కావలెను. ఒప్పు ఒక్కటే గదా! కావున మిగిలిన "ఐనను" సరియైనది. ఐనను దానిని వాక్యమునందుంచి చదివి, అర్థము కుదిరిన పిదపనే గుర్తింపవలెను.

నాల్గవది: పైరూపమును నమ్మకుండుట. "ముల్లోకములు" ద్విగు సమాసము. అట్లే "ముక్కంటి" యందును మూడను సంఖ్య యున్నది. సంఖ్యను చూచి తొందరపడువాడు ద్విగువనును. కాని ముక్కంటి యన మూడు కన్నులు కాదు, మూడు కన్నులు గలవాడు. అది బహువ్రీహి. ప్రశ్నపత్రమును కూర్చువారికి విద్యార్థి తొందర యెచ్చట కాలుజాఱునో చక్కగా తెలియును.

ఇక తెలియని ప్రశ్నను వదలవలెనా? ఆయా పరీక్ష నియమమే దానిని నిర్ణయించును. సీయూఈటీలో ఒప్పునకు 5 మార్కులు వచ్చును, తప్పునకు 1 పోవును. కన్నులు మూసికొని నాలుగు ప్రశ్నలకు జవాబులు గుర్తించినచో సగటున ఒకటి ఒప్పు, మూడు తప్పు. మిగులునవి 2 మార్కులు. ప్రతి ప్రశ్నకు రెండేసి తప్పులను కొట్టివేయగలిగినవానికి సగటున రెండు ఒప్పు, రెండు తప్పు; మిగులునవి 8 మార్కులు. అమెరికాలో శాట్ యను పరీక్షయందు పూర్వము ఐదు జవాబు లుండెడివి. తప్పునకు పావు మార్కు పోయెడిది. అచ్చట గ్రుడ్డిగా గుర్తించినచో సగటున లాభమును లేదు, నష్టమును లేదు. 2016వ సంవత్సరమున ఆ కోత తొలగిపోయినది. కోత లేనిచోట ఏ ప్రశ్నను ఖాళీగా విడువరాదు.

పై లెక్కను మరల చూడుడు. 2 మార్కులను 8 మార్కులుగా చేసినది అదృష్టము కాదు. గుణసంధిని కొట్టివేయుటకు గుణసంధి తెలిసియుండవలెను. ద్విగువును కాదనుటకు ద్విగువు తెలిసియుండవలెను. ఒక జవాబును ఎన్నుకొన్నవాడు నాలుగు సూత్రములను జ్ఞప్తికి తెచ్చుకొన్నవాడే. చదువు లేనివానికి ఈ యుక్తులు ఆకు లేని విస్తరి వంటివి.

పరీక్ష ముగిసిన పిదప బ్రతుకున వ్రాతలు అనేకములు కలవు. తండ్రి పొలమునకై మండల కార్యాలయమునకు అర్జీ వ్రాయవలసి వచ్చినప్పుడు, ఉద్యోగమునకు దరఖాస్తు పంపవలసి వచ్చినప్పుడు కాగితము క్రింద నాలుగు జవాబులుండవు. సరియైన మాటను తానే వెదకుకొనవలెను. నేడు వ్యాకరణమును శ్రద్ధతో నేర్చిన బాలికకు, బాలునకు ఆనాడు ఆ మాట తడుముకొనకుండ దొరకును.