అడగకముందే వచ్చిన జవాబు

మా ప్రయోగశాలలోని నాలుగు కంప్యూటర్లలో మా ప్రోగ్రాము వేసిన ప్రతి అడుగునూ ఎల్‌టీటీఎన్‌జీ అను సాధనముతో నమోదుచేసి, ట్రేసులనబడే ఆ జాడలను నెట్‌వర్కు ద్వారా ఒకచోటికి రప్పించాము. వేళల వరుసలో పేర్చి చూడగా, ప్రశ్న బయలుదేరకముందే జవాబు వెళ్ళినట్లున్నది! ఆ భాగము వ్రాసిన మిత్రుని అందరి యెదుట నిందించాము. అతడు మారుమాటాడలేదు, మూడునాళ్ళు మాతో భోజనానికి రాలేదు.

ఏ యంత్రము ముద్రించే వేళ ఆ యంత్రపు గడియారానిదే. రెండింటి నడుమ రెండు సెకన్ల తేడా! పంపినదే అందుతుందన్న సూత్రముతో, గడియారాలను నమ్మకయే సంఘటనలకు వరుస కట్టవచ్చునని లెస్లీ లాంపోర్ట్ 1978లో చూపాడు. పరీక్షలో ఆ జవాబు మేమూ వ్రాసినవారమే.

ఎన్‌టీపీతో గడియారాలు సరిచేసి, మరల సేకరించిన జాడల కాగితముతో మిత్రుని గదికి వెళ్ళాము. అతడు కాగితము చూడలేదు. “ఖానా హువా?” అన్నాడు.