లేచి నడవడమే నమ్మకం

బాపట్లలో రైలు దిగి తొమ్మిది కిలోమీటర్లు వెళితే సూర్యలంక. దారి చివర సరుగుడు తోటలు, వాటి వెనక ఇసుక, ఆపైన బంగాళాఖాతం. ఆదివారమైతే ఒడ్డంతా సందడే. కార్తీకంలో సముద్రస్నానాలకు వచ్చేవాళ్ల సంగతి సరేసరి. మోకాలి లోతు నీళ్లలో గంతులేసే పిల్లలకు ఇంతటి నెమ్మదస్తురాలు ఇంకెవరూ లేరనిపిస్తుంది. కానీ ఈ సముద్రం చెప్పకుండా ఊళ్ల మీదికి వచ్చిన రోజులున్నాయి.

1977 నవంబరు 19, శనివారం. తెల్లారితే కథోలిక గుడుల్లో క్రీస్తురాజు మహోత్సవం. ఆ రోజే దివిసీమ ఉప్పెన విరుచుకుపడింది. పదివేల మందికి పైగా ప్రాణాలు పోయాయి. బాపట్ల తీరాన్నీ అది వదల్లేదు. పట్టణంలో ఓ చర్చిలో తలదాచుకున్నవాళ్ల మీద ఆ భవనమే కూలింది. దేవుడి ఇంట్లోకి వెళ్లినవాళ్లకే అలా జరిగితే ఇక ఎవరిని నమ్ముకోవాలి?

ఈ ప్రశ్నకు కథోలిక విశ్వాసం తేలిక జవాబు చెప్పదు. పోయినవాళ్లు పాపం చేశారనదు. శిలువ మీద క్రీస్తు కూడా తండ్రిని 'ఎందుకు' అని అడిగాడని మాత్రం గుర్తుచేస్తుంది. అడగడం అవిశ్వాసం కాదన్నమాట.

2004 డిసెంబరు 26. క్రిస్మస్ మర్నాడు, ఆదివారం, తిరుకుటుంబ పండుగ. ఆ ఏడు ఆ పూజకు వచ్చిన సువిశేషం పునీత జోజప్పది. రాత్రి కలలో దేవదూత హెచ్చరిస్తే, ఆయన లేచి బిడ్డనూ తల్లినీ తీసుకుని ఐగుప్తుకు బయల్దేరిన ఘట్టం. ఆ ఉదయమే సునామీ మన తీరాన్ని తాకింది. రాష్ట్రంలో వంద మందికి పైగా చనిపోయారు. జోజప్పకు కబురు అందింది. ఒడ్డున ఉన్నవాళ్లకు అందలేదు. ఆ లోటు తీర్చడానికే 2007లో హైదరాబాదులోని ఇన్‌కాయిస్‌లో సునామీ హెచ్చరికల కేంద్రం మొదలైంది.

సువిశేషాల్లో జోజప్ప ఒక్క మాటైనా మాట్లాడడు. పెళ్లి నిశ్చయమైన మరియమ్మ గర్భవతి అని తెలియడం మొదలు అన్నీ ఊహించనివే. మత్తయి సువిశేషంలో ఆయనకు నాలుగుసార్లు కలలో కబురొస్తుంది. 'ఎందుకు, ఎన్నాళ్లు' అని తేల్చుకున్నాక కాదు, విన్న వెంటనే లేస్తాడు. పోపు ఫ్రాన్సిస్ తన బల్ల మీద నిద్రపోతున్న జోజప్ప బొమ్మ ఉంచుకునేవారు. ఏదైనా సమస్య వస్తే చీటీ మీద రాసి ఆ బొమ్మ కింద పెడతానని 2015 జనవరిలో మనీలాలో కుటుంబాలకు చెప్పారు. దేవుడు చెప్పింది విన్నాక నిద్ర లేవాలి, పని చేయాలి అని కూడా అక్కడే అన్నారు.

2023 డిసెంబరు 5. ఆగమన కాలం మొదలై మూడో రోజు. మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. ఈసారి కబురు ముందే వచ్చింది. లోతట్టు ఊళ్లవాళ్లను శిబిరాలకు తరలించారు. కోతకొచ్చిన వరి నీళ్లపాలై రైతు కుదేలయ్యాడు. అయినా 1977 నాటి మరణాలు మళ్లీ చూడాల్సి రాలేదు.

నమ్మకమంటే గాలివాన రాదన్న భరోసా కాదు. పిలుపు వినపడితే బిడ్డల్ని ఎత్తుకుని లేవడం. వినపడకుండానే అన్నీ పోయినప్పుడు, పక్కవాడి చేయి పట్టుకుని మళ్లీ లేవడం. హెచ్చరించేవాడి గొంతులోనూ, శిబిరంలో అన్నం వడ్డించే చేతిలోనూ దేవుణ్ని గుర్తుపట్టడం.

సూర్యలంక ఒడ్డున పడవలు మళ్లీ నీళ్లలోకి దిగుతూనే ఉంటాయి. మెడలో జపమాల ఉన్నా సరే, వాతావరణ కబురు విని వెళ్లడమే మేలు. జోజప్పయినా చేసింది అదేగా!