కోట పోయింది... మెట్లున్నాయి!

"కోరుకొండ వెళ్తున్నాను" అనగానే మిత్రుడొకాయన "సైనిక్ స్కూల్లో ఎవర్ని చేర్పిస్తున్నారు?" అని అడిగారు. ఆయన తప్పేం లేదు. మనలో చాలామందికి కోరుకొండ అంటే 1962లో విజయనగరం దగ్గర పెట్టిన ఆ స్కూలే! నేను చెప్పేది వేరే కోరుకొండ. రాజమండ్రికి ఇరవై కిలోమీటర్లు. ఇప్పుడు మండల కేంద్రం. ఒకప్పుడు? రాజధాని!

సినిమావాళ్ళకి రాజమండ్రి కొత్త కాదు. 1936లోనే ఇక్కడ దుర్గా సినీటోన్ స్టూడియో వెలిసింది. 'మూగమనసులు' (1964), 'అందాల రాముడు' (1973), ఆ తర్వాత 'గోదావరి' (2006)... ఎవరొచ్చినా కెమెరా తిప్పేది ఏటి వైపే. పడవలు, ఇసుకతిన్నెలు, పాపికొండలు! ఏటికి వీపు పెట్టి అరగంట ప్రయాణం చేస్తే ఏముందో చూద్దామని గోకవరం బస్టాండులో బస్సెక్కాను.

మధురపూడి విమానాశ్రయం దాటిన కాసేపటికి కొండ కనిపించింది. చదునైన పొలాల మధ్య ఎవరో పనిగట్టుకుని రాళ్ళు పోగేసినట్టుంది. కొమ్మున తెల్లగా గుడి. గుడికి నిట్టనిలువుగా మెట్లు, ఆరువందల పైచిలుకు!

ఈ కొండకో కథ ఉంది. 1323లో ఓరుగల్లు పతనమైంది. కాకతీయ సామ్రాజ్యం పోయింది. ఆ అల్లకల్లోలంలో తలో దిక్కున తలెత్తిన తెలుగు నాయకుల్లో ముమ్మడి నాయకుడు ఒకడు. కోరుకొండ కేంద్రంగా గోదావరి ప్రాంతాన్ని ఏలాడు. శ్రీరంగానికి చెందిన పరాశర భట్టరు ఆయనకు గురువు. కొండ మీద లక్ష్మీనరసింహస్వామి గుళ్ళో 1353 నాటి శాసనం ఆ రాజుగారి వంశాన్ని చెబుతుంది. 1388లో ఆయన పోయాడు. తర్వాతి కాలంలో ఈ సీమ రెడ్డిరాజుల వశమైంది.

ఇంత చరిత్ర తలకెక్కించుకుని వెళ్ళాను కదా, తెరమీద చూసే కోటలాంటిది కళ్ళకి కట్టుకుంది. బురుజులు, సింహద్వారం, ఫిరంగులు... అప్పటికి ఫిరంగులు లేవన్న సంగతి కూడా మర్చిపోయాను! తీరా చూస్తే అలాంటిదేమీ లేదు. రాళ్ళు, పొదలు, కోతులు. ఎండ. సగం మెట్లు ఎక్కేసరికి మోకాళ్ళు మొరాయించాయి. దిగిపోదామనుకున్నాను.

"ఏం బాబూ, అప్పుడే ఆయాసం వచ్చేసిందా?"

నాలుగు మెట్ల కింద ఒక ముసలమ్మగారు. చేతిలో పసుపు కుంకుమల పళ్ళెం. మెట్టు మెట్టుకీ వంగి పసుపు రాసి బొట్టు పెడుతోంది. డెబ్భై దాటి ఉంటాయి.

"ఏం మొక్కు మామ్మగారూ?"

"మా కోడలు కువైట్లో ఇంటిపనికెళ్ళింది. నాలుగేళ్ళయింది. క్షేమంగా ఇంటికొస్తే మెట్లన్నిటికీ బొట్లు పెడతానని మొక్కుకున్నాను."

"వచ్చేసిందన్నమాట!"

"ఇంకా ఎక్కడ బాబూ! వచ్చినప్పుడు తీరుద్దామంటే అందాకా నా మోకాళ్ళుండొద్దూ? అందుకే ముందే తీర్చేస్తున్నాను. బాకీ ఆయనదవుతుంది."

నవ్వేసింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఇంట్లో మనవడున్నాడట. ఫోనులో అమ్మ కనిపిస్తే మొదట సిగ్గుపడి గోడచాటుకి పోతాడట.

"ఇక్కడ కోట ఉండేదట కదా?" అని అడిగాను, మాట మార్చడానికి.

"కోటా? మట్టిలో కలిసిపోయుంటుంది. మెట్లు బాగానే ఉన్నాయిగా!" అని మళ్ళీ వంగింది.

ఇక దిగిపోవడానికి మొహం చెల్లలేదు. కుంకుమ గిన్నె అందుకుని ఆవిడ వెనకే ఎక్కాను.

పైన గాలి చల్లగా తగిలింది. గర్భగుడిలో స్వామి చిన్న విగ్రహం, స్వయంభువు అంటారు. పరాశర మహర్షి తపస్సు చేసిన చోటని కూడా చెబుతారు. బయటికొచ్చి నిలబడితే కింద ఊరి పెంకుటిళ్ళు, మేడలు, పచ్చని చేలు. ఉత్తరాన కనుమల నీలిగీత. కొండ కొమ్మున నిలబడితే రాజధానిగా ఇదే ఎందుకన్న ప్రశ్నకు జవాబు దొరికింది. శత్రువు ఎటునుంచి వచ్చినా ముందే కనబడతాడు!

ఇప్పుడు ఈ కొమ్మునుంచి ఎదురుచూసేది శత్రువు కోసం కాదు. మామ్మగారు చెయ్యి అడ్డం పెట్టుకుని మధురపూడి వైపు చూస్తోంది. దూరంగా ఒక విమానం దిగుతోంది. "అందులో ఉండదులే" అంది తనలో తనే.

ఫాల్గుణ శుద్ధ ఏకాదశికి స్వామి కల్యాణం. ఆ తీర్థానికి జనం విరగబడతారు. నిశ్శబ్దం కావాలనుకుంటే మామూలు రోజున, ఎండెక్కకముందే వెళ్ళండి. నీళ్ళ సీసా మరవొద్దు. నిర్మాతలెవరైనా కోట సెట్టింగు వెయ్యాలనుకుంటే ఒక్క మనవి: మెట్ల మీద బొట్లు మాత్రం చెరపకండి. ఎవరి బాకీయో ఇంకా వసూలు కావలసి ఉంది.