డోర్నకల్ దారిలో... తప్పు బైకుదా? కారుదా?

సికింద్రాబాదు నుంచి విజయవాడ వెళ్ళే రైల్లో కిటికీ పక్కన కూర్చున్నారనుకోండి. కాజీపేట, మహబూబాబాద్ దాటాక డోర్నకల్ జంక్షన్ వస్తుంది. ఇక్కడినుంచే ఒక లైను కారేపల్లి మీదుగా కొత్తగూడెం బొగ్గు గనుల వైపు చీలిపోతుంది. నిజాం రైల్వే వాళ్ళు 1889 నాటికి బెజవాడ దాకా పట్టాలు వేశారు. సింగరేణి బొగ్గు పుణ్యమా అని ఈ చిన్న ఊరు జంక్షన్ అయి కూర్చుంది! ఒకప్పుడు వరంగల్ జిల్లాలో ఉండేది, 2016 అక్టోబరు నుంచి మహబూబాబాద్ జిల్లాలోకి వచ్చింది.

ఊళ్ళో తప్పక చూడవలసింది ఎపిఫనీ కెథడ్రల్. 1912లో తొలి భారతీయ ఆంగ్లికన్ బిషప్ అయిన వి.ఎస్. అజరయ్య గారు కట్టించిన చర్చి ఇది. 1939లో ప్రతిష్ఠ జరిగింది. గుమ్మటాలు చూస్తే మసీదు గుర్తొస్తుంది, స్తంభాలు చూస్తే గుడి మండపం గుర్తొస్తుంది. ఎవరి పద్ధతి వారిదే అయినా అన్నీ ఒకే కప్పు కింద చక్కగా ఇమిడిపోయాయి. ఊరి రోడ్డు మీద కూడా అందరూ ఇలాగే ఇమిడితే ఎంత బావుంటుందో!

బావా బావమరుదుల వాదన

మేం దిగింది మా ఆడపడుచు వాళ్ళింట్లో. వాళ్ళాయనకు కారుంది, మా చిన్న మరిదికి బైకుంది. ఇంకేముంది, రాత్రి భోజనాల దగ్గర మొదలైంది.

"ఈ బైకోళ్ళు ఎటునుంచి వస్తరో తెల్వదు. ఎడమనుంచి దూరుతరు, కుడినుంచి దూరుతరు. ముగ్గురు ముగ్గురు ఎక్కుతరు" అన్నారు ఆయన.

"మరి మీరు డోరు తీసేముందు ఎనకకు చూస్తరా బావా? రాత్రిపూట పెద్ద లైటేసుకొని వస్తే మాకు రోడ్డు కనపడ్తదా?" అని మావాడు.

"అరేయ్, ముందు అన్నం తినుండ్రి. ఇద్దరిదీ నిజమే" అని మా ఆడపడుచు పప్పు వడ్డించింది.

నిజమే మరి! కారు ముందరి అద్దానికి రెండు పక్కలా ఉండే కమ్మీ చాలు, దూరాన వచ్చే బైకును దాచెయ్యడానికి. లారీ అయితే ఎలాగూ కనిపిస్తుంది, బైకును మాత్రం వెతికి చూడాలి. అందుకే మలుపు తిరిగేముందు కారాయన రెండోసారి చూడాలి, ఎదురుగా బండి వస్తే లైటు డిమ్ చెయ్యాలి. బైకాయన కూడా అద్దాలు విప్పి ఇంట్లో పెట్టకూడదు. వెనక ఎర్రలైటు వెలుగుతోందో లేదో చూసుకోవాలి. కారు ఎడమపక్క సందులో దూరకూడదు.

డోరు సంగతి ఆడవాళ్ళం మనం కూడా నేర్చుకోవాలి. కారులో ఎడమవైపు కూర్చుంటే కుడిచేత్తో, కుడివైపు కూర్చుంటే ఎడమచేత్తో డోరు తీసి చూడండి. ఒళ్ళు దానంతటదే తిరిగి, వెనకనుంచి వచ్చే బండి కంట పడుతుంది. పైసా ఖర్చు లేని ఉపాయం!

ఒక లెక్క చెబుతాను. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది పోయారు. అందులో 74,897 మంది ద్విచక్ర వాహనాల మీద వెళ్ళినవారే. హెల్మెట్ లేక పోయినవారిలో 14,337 మంది వెనక సీటువాళ్ళు. వెనక సీట్లో ఎక్కువగా కూర్చునేదెవరు? మనమే కదా! కారుకు చుట్టూ ఇనుప తొడుగుంటుంది, బైకు మీదివాళ్ళకు ఒంటి మీది బట్టలే దిక్కు. కాబట్టి బాధ్యత ఇద్దరిదీ అయినా, పెద్ద బండి నడిపేవాడు ఒక పాలు ఎక్కువ జాగ్రత్తగా ఉండడం న్యాయం.

రోడ్డు మీద వడ్లు

వరి కోతలయ్యాక తెలంగాణలో ఏ పల్లెదారిన వెళ్ళినా తారురోడ్డు మీద వడ్లు ఆరబోసి ఉంటాయి. కొన్నిచోట్ల మక్కలు, మిరపకాయలు కూడా. కల్లం చాలక, వాన భయంతో చేసే పనే గానీ, ఎవరికీ సరదా కాదు. కానీ చీకటి పడ్డాక నల్ల టార్పాలిన్ కప్పి, చుట్టూ బండరాళ్ళు పెడితే బైకు మీద వచ్చేవాడికి ఏం కనిపిస్తుంది? రాయికి తగిలితే పడిపోతాడు, తప్పించబోతే ఎదురుగా వచ్చే కారు కింద పడతాడు. వడ్లు ఆరబోసేదీ, కాళ్ళతో తిరగేసేదీ చాలావరకు ఆడవాళ్ళే. పొద్దుగూకకముందే కుప్ప చేసి పక్కకు తీయించడం, రాళ్ళు ఎత్తివేయించడం మన చేతిలో పనే.

మన వంతు

* హెల్మెట్ వెనక కూర్చున్నవారికీ తప్పనిసరి. నాలుగేళ్ళు దాటిన పిల్లలకూ అంతే. సరైన హెల్మెట్ వల్ల తలకు దెబ్బలు 69 శాతం, చావులు 42 శాతం తగ్గుతాయని పరిశోధనలు తేల్చాయి. ఐ.ఎస్.ఐ. ముద్ర చూసి కొనండి, గడ్డం కింద పట్టీ బిగించండి. ముడి అడ్డమొస్తే జడ వేసుకోండి.
* చెంగు, చున్నీ ముందుకు తీసుకుని దోపుకోండి. వెనక చక్రం సగమైనా కప్పే శారీ గార్డు నిబంధనల ప్రకారం ఉండాల్సిందే. అందంగా లేదని పిల్లలు విప్పేస్తే మళ్ళీ బిగించమనండి.
* తొమ్మిది నెలలనుంచి నాలుగేళ్ళలోపు పిల్లలుంటే 2023 ఫిబ్రవరి నుంచి నడిపేవారికి కట్టే బెల్టు, పిల్లలకు హెల్మెట్ ఉండాలి. వేగం 40 కిలోమీటర్లు దాటకూడదు.
* పద్దెనిమిది నిండని అబ్బాయికి తాళం ఇవ్వకండి. ప్రమాదమైతే 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ళదాకా జైలు పడేది తల్లిదండ్రులకో, బండి యజమానికో!
* కారులో వెనక కూర్చున్నా బెల్టు పెట్టుకోండి.
* ఎవరైనా పడిపోయి కనిపిస్తే తప్పు ఎవరిదని పంచాయితీ పెట్టకుండా ముందు 108కి ఫోన్ చెయ్యండి. సాయం చేసినవారిని వేధించకుండా 2019 సవరణ చట్టం కాపాడుతుంది.

డోర్నకల్ వెళ్ళినప్పుడు చర్చి చూడండి, స్టేషన్లో వేడి టీ తాగండి. తర్వాత బండెక్కే ముందు, అది కారైనా సరే బైకైనా సరే, నడిపేవారి చెవిలో ఒక్కమాట వెయ్యండి: "తొందరేం లేదు, నెమ్మదిగా పోనీండి." మనం చెబితే వింటారు. ఒకటికి రెండుసార్లు చెప్పాలంతే!