రేవు పూడిన ఊరి నుంచి నాన్నగారికి

పిరేయస్ రేవు,
శనివారం రాత్రి

నాన్నగారికి,

అందరం క్షేమంగా ఓడెక్కాం. ఫోన్లో మాట్లాడితే మీకు సరిగ్గా వినపడటం లేదు. నేను చెప్పిన ప్రతి మాటా అమ్మ మళ్లీ మీ చెవి దగ్గర అరిచి చెప్పాల్సి వస్తోంది. అందుకని ఈ పది రోజులూ ఉత్తరాలే రాస్తాను. రాసిన కాగితాలు ఫొటో తీసి తమ్ముడికి పంపుతాను, వాడు పెద్దవి చేసి చూపిస్తాడు. అమ్మా, కంట్లో చుక్కలు టైముకి వేసుకో. ఆపరేషన్ అయిపోయింది కదాని ఆ సీరియళ్ల ముందు అర్ధరాత్రి దాకా కూచోకు.

పొద్దున్నే ఏథెన్స్‌లో కొండెక్కి పార్థినాన్ చూశాం. 1687లో టర్కీ వాళ్లు అందులో తుపాకీమందు దాస్తే వెనిస్ వాళ్ల గుండొచ్చి పడి పేలిపోయిందట. విపరీతమైన ఎండ, నిలబడటానికి గజం నీడ లేదు. పది గంటలకే దిగి వచ్చేశాం.

అసలు కథంతా టాక్సీ దగ్గర జరిగింది. మేం ఐదుగురం, ఇక్కడ ఒక కారులో నలుగురినే ఎక్కిస్తారు. ఒకాయన వ్యాన్ ఉందన్నాడు. వేళ్లు చూపించి రేటు చెప్పాడు, మీ అల్లుడుగారు సరేనన్నారు. తీరా రేవులో దిగాక, అది మనుషులకే, పెట్టెలకి వేరే ఇవ్వాలన్నాడు. ఏడు పెట్టెలకి కలిపి చూస్తే దాదాపు రెండింతలైంది. ఈయన మొహమాటానికి పర్సు తీసేస్తున్నారు. అత్తయ్యగారు గబుక్కున పర్సు మీద చెయ్యి వేసి, దింపిన పెట్టె మీద కూచుని, “ముందు చెప్పిందే ఇస్తాం బాబూ, పైసా ఎక్కువివ్వం” అని శుద్ధ తెలుగులో మొదలుపెట్టారు. అతను గ్రీకులో, ఈవిడ తెలుగులో, పావుగంట. ఇద్దరికీ పూర్తిగా అర్థమైందని నా నమ్మకం. చివరికి మధ్యరకంగా తేలింది. వెళ్లేటప్పుడు అతను గుండె మీద చెయ్యి పెట్టుకుని ఆవిడకి వంగి దణ్ణం పెట్టాడు. ఈవిడ బుజ్జిగాడి చేత అతనికి రెండు జీళ్లు ఇప్పించారు.

ఓడ చిన్నదే. పిల్లలతో వచ్చిన కుటుంబాల కోసమే నడుపుతున్నారు. రోజూ సాయంత్రం ఒక పాఠం ఉంటుంది, మర్నాడు చూడబోయే చోటు గురించి. చెప్పేది రిటైరైన పంతులమ్మగారు, నలభై ఏళ్లు తవ్వకాల్లో పనిచేసిన మనిషి. గొంతు కాస్త బొంగురు, చేతులు మాత్రం మట్టి పని చేసిన చేతులని చూడగానే తెలుస్తుంది. పిల్లలకి తలా ఒక నోటుపుస్తకం ఇచ్చారు. రాసేవి ఏమీ ఉండకూడదట, చూసినవి బొమ్మలే గీయాలట. చిట్టికి ఆ నియమం నచ్చింది. బుజ్జిగాడు మొదటి పేజీలో టాక్సీ గీశాడు.

మీ
అమ్మాజీ

సముద్రం మీద,
సోమవారం

నాన్నగారికి,

నిన్నటి నుంచీ గాలి ఒకటే హోరు. మెల్తెమి అంటారు దీన్ని. ఎండాకాలంలో ఉత్తరం నుంచి వీస్తుంది, ఆకాశంలో మబ్బు తునక ఉండదు, గాలి మాత్రం తగ్గదు. మనకి గాలంటే ముసురూ వానా వెంట ఉండాలి కదా. ఇంత నీలం ఆకాశం కింద ఇంత అలజడి చూస్తే నాకు నమ్మబుద్ధి కాలేదు.

దాంతో డెలోస్ పోయింది. దీవి కనిపిస్తూనే ఉంది, చిన్న పడవల్లోకి దింపి తీసుకెళ్లడం కుదరదన్నారు. నేను ఈ యాత్రకి డబ్బు కూడబెట్టడం మొదలుపెట్టిందే ఆ దీవి కోసం. కిటికీ దగ్గర నిలబడి ఏడుపొచ్చింది, దాచుకోను.

అపోలో పుట్టిన చోటని గ్రీకుల నమ్మకం. క్రీస్తుపూర్వం 426లో ఏథెన్స్ వాళ్లు అక్కడున్న సమాధులన్నీ తవ్వించి ఎముకలు పక్కదీవికి తరలించారట. అప్పటి నుంచీ ఆ దీవిలో ఎవరూ పుట్టకూడదు, ఎవరూ చావకూడదు. నెలలు నిండినవాళ్లనీ మంచం పట్టినవాళ్లనీ పడవెక్కించి పక్కదీవికి పంపేసేవారు. నేను ఇది చెబితే అత్తయ్యగారు, “పురుడూ చావూ రెండూ మైలే కదే. వీళ్లకీ ఉందన్నమాట” అన్నారు, ఎక్కడో దూరపు చుట్టాలు కలిసినంత మామూలుగా. సాయంత్రం పాఠంలో ఆ మాటే పంతులమ్మగారికి చెప్పాను. ఆవిడ పెన్ను తీసి మైల అనే మాట నా చేత పలికించుకుని రాసుకున్నారు.

నాకు వాంతులు. చిట్టికి కూడా. మీరు చెబుతుండేవారు కదా, కడుపులో తిప్పితే ఓడని చూడకూడదు, నీళ్లు ఆకాశాన్ని తాకే గీతని చూడాలని, అది ముత్తాతగారి మాటని. పైకి వెళ్లి అలాగే కూచున్నాం, నేనూ నా కూతురూ భుజాలు ఆనించుకుని. గంటకి నెమ్మదించింది. “ముత్తాతగారంటే ఎవరు?” అని అడిగింది. బర్మాలో రంగం వెళ్లే ఓడలో సరంగు అని చెప్పాను. “ఓడ పేరేంటి?” అంది. నాకు తెలీదు.

ఇంకా తల తిరుగుతోంది, ఆపేస్తాను. మోకాలికి నూనె రాస్తున్నారా?

అమ్మాజీ

కుషాదాసి, టర్కీ,
బుధవారం

నాన్నగారూ,

ఇవాళ మీరు నా పక్కన ఉండాల్సింది. పొద్దుటి నుంచి మిమ్మల్ని వందసార్లు తలుచుకున్నాను. కాళ్లు పీకుతున్నాయి, అయినా ఇది రాసే పడుకుంటాను.

ఎఫెసస్ వెళ్లాం. అందరూ వచ్చేది సెల్సస్ గ్రంథాలయం కోసం, కూలిన రాళ్లు ఏరుకొచ్చి 1970లలో మళ్లీ నిలబెట్టిన ముఖం అది. అందంగానే ఉంది, ఫొటో పంపాను. నేను మాత్రం నాటకశాల పైమెట్ల మీద గంటసేపు కూచున్నాను. పాతికవేల మంది పట్టేంత పెద్దది, కొండవాలునే చెక్కి కట్టారు. అక్కణ్ణుంచి చూస్తే కాళ్ల కింద నుంచి తిన్నగా పడమటికి ఒక రాతి బాట, వెడల్పుగా, అటూ ఇటూ విరిగిన స్తంభాల వరస. రేవు బాట అది. ఓడ దిగిన మనిషి ఆ బాట పట్టుకుని నడుచుకుంటూ ఊళ్లోకి వచ్చేవాడు. ఒక కాలంలో రాత్రిళ్లు దాని పొడవునా దీపాలు పెట్టేవారట. ఆ బాట వెంబడి చూపు పోనిస్తే చివర సముద్రం ఉండాలి.

లేదు. జమ్ము, తుప్పలు, ఆ వెనక పొలాలు. సముద్రం ఇప్పుడు అయిదారు కిలోమీటర్ల అవతల ఉంది.

నాకు వెంటనే మన కోరంగి కళ్లకి కట్టింది. ఏడేళ్ల పిల్లని సైకిల్ ముందు కడ్డీ మీద కూచోబెట్టుకుని తాళ్లరేవు నుంచి తీసుకెళ్లేవారు. మడచెట్ల మధ్య బురద కాలవ చూపించి, “ఇక్కడ ఓడలు కట్టేవారమ్మా, ఇక్కణ్ణుంచే ఓడెక్కి రంగం పోయేవారు, అక్కడ మన తెలుగువాళ్లందరినీ కోరంగీలనే పిలిచేవారు” అనేవారు. నాకు బురదా పీతలే కనిపించేవి. మీ కళ్లకి ఏం కనిపించేదో ఇవాళ ఆ మెట్ల మీద తెలిసింది.

రేవుని చంపింది ఒక చిన్న నది. ఆ రోజుల్లో కైస్టర్, ఇప్పుడు చిన్న మెండెరెస్. మన గౌతమి పక్కన పెడితే పిల్లకాలవ. కానీ ఏడాదికేడాది ఒండ్రు తెచ్చి పోసింది. రెండువేల ఏళ్ల నాడే స్ట్రాబో అనే ఆయన ఈ రేవు గురించి రాసిపెట్టాడట. పెర్గమోన్ రాజు అట్టాలస్ రేవు ముఖం ఇరుకు చేస్తే లోపల లోతు పెరుగుతుందనుకుని అడ్డుకట్ట వేయించాడు. జరిగింది దానికి పూర్తిగా ఎదురు. ఈ సముద్రంలో పోటూ పాటూ మన దగ్గరలా ఉండవు, బహు కొంచెం. ఆ కొంచెమే అంతవరకూ లోపలికొచ్చిన ఒండ్రుని బయటికి ఈడ్చుకుపోయేది. కట్ట వేశాక ఆ దారి మూసుకుపోయింది, రేవంతా మేట వేసింది. మొగ దగ్గర రాళ్లు పోస్తే ఏమవుతుందో మీ చిన్నప్పటి పడవవాళ్లని అడిగితే చెప్పేవారు కదూ!

ఆ తర్వాత రోమన్ చక్రవర్తి హేడ్రియన్ నదినే పక్కకి మళ్లించాడు. ఆయన తర్వాత కొద్దికాలానికే ఇక్కడి అధికారి ఒకాయన వేయించిన ఆజ్ఞ రాతి మీద దొరికింది. రాళ్లు కోసేవాళ్లు కోత పొడిని రేవులో పారబోయరాదు, కలప తెచ్చేవాళ్లు ఆ బరువులు గట్టు మీద దింపరాదు. నాన్నగారూ, పంతులమ్మగారు ఇది చెబుతుంటే నా గొంతు పట్టేసింది. రేవు పూడిపోతోందని వాళ్లకి తెలుసు. పిడికెడు పొడి కూడా లెక్కలోకి తీసుకున్నారు. తరాల తరబడి పూడిక తీశారు, కాలవ తవ్వుకున్నారు, జరిమానాలు వేశారు. ఏదో ఒక రోజు చివరి ఓడ వచ్చి వెళ్లి ఉంటుంది, అదే చివరిదని ఎవరికీ తెలియకుండా.

ఇంకా దక్షిణాన మిలేటస్ కథా ఇదేనట. క్రీస్తుపూర్వం 494లో లాదే దీవి ముందు పర్షియా ఓడలకీ గ్రీకు ఓడలకీ పెద్ద యుద్ధం జరిగింది. ఆ దీవి ఇప్పుడు మైదానంలో ఒక దిబ్బ, చుట్టూ పత్తి చేలు. బుజ్జిగాడు ఊరుకుంటాడా, “పత్తిచేలో ఓడలతో ఎలా కొట్టుకున్నారు?” అని లేచి నిలబడి అడిగాడు. ఆవిడ నవ్వలేదు. నేల మీద చాక్‌పీసుతో తీరం గీసి, గుప్పెడు ఉప్పు తెప్పించి, నది ఎటు నుంచి పోసుకొచ్చిందో వాడి చేతే పోయించారు. వాడి చేతిలో ఉప్పు అయిపోయేసరికి దీవి ఒడ్డుకి అతుక్కుపోయింది. వాడు చాలాసేపు మాట్లాడలేదు.

తిరుగుదారిలో ఆర్టెమిస్ గుడి. ఏడు వింతల్లో ఒకటి. ఇప్పుడు మిగిలింది ఒకే ఒక్క స్తంభం, అదీ ఎక్కడెక్కడివో రాతి దుంగలు ఒకదాని మీదొకటి పేర్చింది, అతుకు అతుకుకీ వెడల్పు మారిపోతుంది. పైన కొంగ గూడు. పుల్లలు బయటికి వేలాడుతున్నాయి, ఒక పుల్లకి నీలం ప్లాస్టిక్ తాడు చుట్టుకుని గాలికి ఊగుతోంది. అడుగున చెమ్మనేల, బాతులు. చిట్టి గుడి గీయలేదు, గూడు గీసింది, ఆ నీలం తాడుతో సహా.

కోరంగి అంటే ఏంటో పిల్లలకి రాత్రి చెప్పాను. నాకు తెలిసింది పది నిమిషాల్లో అయిపోయింది.

అమ్మాజీ

సంతోరిని,
శనివారం

నాన్నగారికి,

రోడ్స్, క్రీట్ చూసి ఇక్కడికొచ్చాం. క్నోసోస్‌లో మనిషి ఎత్తు జాడీలు వరసగా ఉన్నాయి, వాటి గురించి వచ్చాక చెబుతాను. ఈయనకి ఎండదెబ్బ తగిలి ఒక రోజంతా మజ్జిగ మీద ఉన్నారు. ఇప్పుడు తగ్గింది, కంగారు పడొద్దు.

అమ్మా, ఇది నీకు. వారం రోజులుగా అత్తయ్యగారు రొట్టే పెరుగూ మీద బతుకుతున్నారు. ఇక్కడి పెరుగు గడ్డలా ఉంటుంది, వంటవాళ్లని బతిమాలి అన్నం వండించి కలిపి పెడుతున్నాను. ఇవాళ మధ్యాహ్నం ఒక చిన్న హోటల్లో కూచున్నాం. ఫావా అని ఏదో ఉంది, పప్పే, మాంసం లేదన్నారు. తెచ్చి పెట్టారు. పసుపుపచ్చగా, వెన్నలా మెదిపిన ముద్ద, నడిమధ్య గుంట చేసి నూనె పోశారు, మీద పచ్చి ఉల్లిపాయ తరుగు. అత్తయ్యగారు వేలితో తీసి నాలిక మీద పెట్టుకుని, కళ్లు మూసుకుని, “ముద్దపప్పే!” అన్నారు. సంచిలోంచి ఆవకాయ సీసా బయటికొచ్చింది. ఆ నూనెలోనే ముక్క కలిపి మా అందరికీ ముద్దలు పెట్టారు, చెయ్యి చాపమని. పక్క బల్ల మీద ముసలాయన చూస్తుంటే ఆయన పళ్లెంలోనూ ఒక ముక్క వేశారు. ఆయనకి కళ్లంట నీళ్లొచ్చాయి, ఇంకొకటి అడిగాడు. సీసా ఖాళీ. మేమిద్దరం ఇంటికి బెంగపెట్టుకున్నామని అప్పుడే ఒకరికొకరం ఒప్పుకున్నాం.

ఆ తర్వాత అక్రోటిరి వెళ్లాం. సుమారు మూడువేల అయిదొందల ఏళ్ల కింద కొండ పేలి బూడిదలో మునిగిన ఊరు. 1967లో మారినాటోస్ అనే ఆయన తవ్వకం మొదలుపెట్టారు. రెండంతస్తుల ఇళ్లు, కిటికీలు, వీధి కింద మురుగు కాలవ. మనుషుల ఎముకలు మాత్రం లేవట. నేల కంపించగానే జాగ్రత్తపడి ముందే వెళ్లిపోయారంటారు. జాడీలు వదిలేసి వెళ్లారు. ఒకదాంట్లో ఈ ఫావా పప్పు గింజలే దొరికాయట. అత్తయ్యగారు ఆ జాడీల దగ్గర చాలాసేపు నిలబడ్డారు. “పప్పు పోసి మూత పెట్టిందంటే తిరిగి వద్దామనే అనుకుంది” అన్నారు. నీలం గుమ్మటాల తెల్ల ఊరు చూడటానికి మేం ఇక వెళ్లలేదు.

నాన్నగారూ, ఒక్కటి అడుగుతాను. మీకు ఎలాగూ మధ్యాహ్నాలు నిద్ర పట్టదు. మీ బడిలో వాడే ఆ రూళ్ల పుస్తకం తీసుకుని కోరంగి గురించి రాయండి. 1839 తుఫాను పుస్తకాల్లో దొరుకుతుంది, అది వద్దు. మీ తాతగారు మీకు చెప్పినవి కావాలి. ఏ రేవులో ఓడెక్కేవారు, చుక్కాని ఏ కర్రతో చేసేవారు, రంగం నుంచి ఇంటికి ఏం తెచ్చేవారు, ఆయన తాత కాలానికి కాలవ ఎంత లోతుండేది, ఎప్పటి నుంచి పడవ ఆనడం మొదలైంది. వరసగా లేకపోయినా ఫర్వాలేదు. అవి మీకు తప్ప ఎవరికీ తెలియవు, నాకు కూడా. డిసెంబర్లో వస్తున్నాం. మోకాలు సహకరిస్తే పిల్లల్ని తీసుకుని కోరంగి వెళ్దాం, లేకపోతే తమ్ముడు ఆటో మాట్లాడతాడు.

ఓడ పేరు మాత్రం మొదటి పేజీలోనే రాయండి. చిట్టి నోటుపుస్తకంలో ఓడ గీసేసింది, తెరచాపలతో సహా. పక్కన పేరు కోసం చోటు వదిలింది.

మీ
అమ్మాజీ